టొరినో దీపావళి కలయిక: పాత ఇటలీ కార్లు, ఛేజ్ సీన్లు (ఇంకా 9 రోజులే)

ఎస్.వి. (గురువారం రాత్రి 8:40)
అందరికీ నమస్కారం. వచ్చే శనివారమే కార్యక్రమం. పనులు ఇవి:
1. కార్లు: ఫియట్ 500, ఫియట్ 1100, ఆల్ఫా రోమియో జూలియా. ముగ్గురు యజమానులూ ఒప్పుకున్నారు. కె.ఆర్. చూస్తాడు.
2. ఛేజ్ క్లిప్పులు, ప్రొజెక్టరు: ఎమ్.బి.
3. 120 మందికి పులిహోర, దద్దోజనం, మిరపకాయ బజ్జీలు: ఎల్.పి. అక్క.
4. ముగ్గులు, పిల్లల బొమ్మల పోటీ: ఎవరైనా ముందుకు రండి.
5. మైకు, కుర్చీలు: నేను.
చూసినవాళ్లు "సరే" అని పెట్టండి.

కె.ఆర్. (8:55)
సరే. 1100ని మాత్రం స్టేజీ పక్కనే పెడదాం. మన ఊళ్లలో ఫియట్ అంటే ఆ బండే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసి, 1974 నుంచి పద్మిని అని అమ్మింది ఈ 1100 డి మోడలునే. అదే 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన అదే గేరు రాడ్డు. పెద్దవాళ్లు చూడగానే గుర్తుపడతారు.
బోర్డుల మీద ఒక విషయం స్పష్టంగా రాయాలి. మన టొరినోలో తీసి 1969లో విడుదల చేసిన 'ది ఇటాలియన్ జాబ్' సినిమా అనగానే అందరికీ మినీలే గుర్తొస్తాయి. అవి ఇంగ్లండు కార్లు. వాటిని తరిమిన పోలీసు జూలియాలే ఇటలీవి. మన ప్రదర్శన ఆ తరిమిన బండి గురించి.

ఎమ్.బి. (9:02)
సరే అన్నా.

ఎస్.వి. (శుక్రవారం ఉదయం 10:15)
హాలు వాళ్ల మెయిల్ వచ్చింది. పెట్రోలు ట్యాంకు ఉన్న ఏ బండీ లోపలికి రాకూడదట. వాళ్ల ఫైర్ అనుమతి కూర్చునే సభలకే ఉంది. ఫోన్ చేసి మాట్లాడాను, మారేలా లేరు.

ఎమ్.బి. (10:21)
ట్యాంకు ఖాళీ చేసి తెస్తే ఒప్పుకుంటారేమో?

కె.ఆర్. (10:34)
వద్దు తమ్ముడూ, అది ఇంకా ప్రమాదం. పెట్రోలు మొత్తం తీసేసినా ఆవిరి ఉండిపోతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి, నిప్పురవ్వ తగిలితే చాలు అన్నట్టు ఉంటాయి. 500లో ఇంజను వెనక ఉంటుంది కానీ ట్యాంకూ బ్యాటరీ రెండూ ముందు బానెట్ కిందే. ఎగ్జిబిషన్లలో బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ట్యాంకు మూతకు తాళం వేసి, కింద ట్రే పెట్టి లోపలికి రానిస్తారు. అనుమతి ఉన్న హాళ్ల సంగతి అది.
దరఖాస్తులో "కార్లు" అన్న మాట ఉండి ఉంటే ఇది నెల కిందటే తేలేది. "ప్రదర్శన" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎవరు నింపారది?

ఎస్.వి. (10:41)
నేనే నింపాను. ఆ గడిలో అంతకంటే రాసే చోటు లేదు. ఆ రాత్రే కాపీ అందరికీ పంపాను, ఒక్కరూ తెరిచి చూడలేదు. తప్పు నాదని తేల్చేస్తే కార్లు లోపలికొస్తాయా? హాలు తాళాలు ఇంకెవరైనా తీసుకోండి, ఇచ్చేస్తాను.

కె.ఆర్. (10:44)
తాళాల గురించి ఎవరడిగారు? ముగ్గురికి మాటిచ్చింది నేను. జూలియా ఆయన 70 కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తున్నారు. ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

టి.ఎన్. (11:05)
లెక్క చెప్తాను. అడ్వాన్సు 300 యూరోలు, ఇప్పుడు రద్దు చేస్తే తిరిగి రాదు. అడిగిచూసిన ఇంకో హాలు 650. మన చేతిలో ఉన్నది 410. హాలు మార్చడం కుదరదు.

ఎల్.పి. (11:12)
ఇద్దరూ కాస్త ఆగండయ్యా. లోపల వద్దన్నారు సరే, వెనక ఆవరణ ఉంది కదా? ఎస్.వి., దాని గురించి అడిగావా? కె.ఆర్., ఆ గేటు ఎంత వెడల్పో ఎవరైనా కొలిచారా?

ఎస్.వి. (11:15)
అడగలేదక్కా. ఇప్పుడే వెళ్తున్నాను.

ఎస్.వి. (మధ్యాహ్నం 1:20)
ఆవరణకి ఒప్పుకున్నారు. షరతులు: గోడకి 3 మీటర్ల ఎడం, జనం ఉండగా ఇంజను నడపకూడదు, నేల మీద ఆయిలు చుక్క పడకూడదు, 6 కిలోల పొడి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు రెండు. టేపు పెట్టి కొలిచాను: గేటు 2.10 మీటర్లు, దాని కింద గడప ఎత్తు 9 సెంటీమీటర్లు. కె.ఆర్., పొద్దుటి మాట మనసులో పెట్టుకోకు.

కె.ఆర్. (1:38)
నేనే ఎక్కువ మాట్లాడాను అన్నా. వెళ్లి కొలిచినందుకు సంతోషం.
గేటు ధారాళంగా సరిపోతుంది. జూలియా వెడల్పు 1.56, 1100ది 1.46, 500ది 1.32 మీటర్లు. ఇబ్బందల్లా గడపతోనే. నేరుగా ఎక్కిస్తే జూలియా సైలెన్సరు గీసుకుంటుంది. 4 సెంటీమీటర్ల మందం పలకలు నాలుగు, ఒక్కోటి మీటరున్నర పొడవు, గడపకి రెండు వైపులా రెండేసి వాలుగా పెట్టి, కింద మధ్యలో దిమ్మ ఆనించాలి. జూలియా టన్ను బరువు, ఉత్తి పలక విరిగిపోతుంది.
500ని మాత్రం గడప ముందు పూర్తిగా ఆపాలి. దాని మొదటి గేరుకి సింక్రో (గేరు పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, బండి కదులుతుండగా వేస్తే పళ్లు గీరుకుంటాయి. అంతకన్నా తోసెయ్యడం తేలిక. బరువు 500 కిలోలే, నలుగురు చాలు.
లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేకు లాగి వదిలెయ్యొద్దు. ఈ చలికి, తేమకి 500, 1100 బ్రేకు షూలు రాత్రికి రాత్రే డ్రమ్ముకి అతుక్కుంటాయి. గేరులో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డు పెట్టండి. ఆయిలు కోసం అట్టపెట్టె పరిచి దాని మీద పిల్లులకి వాడే ఇసుక. 500కి వెనక భాగం కింద, మిగతా రెండింటికీ ముందు భాగం కింద.

టి.ఎన్. (1:50)
పలకలకి, ఇసుకకి 60 యూరోలు పక్కన పెట్టాను. వంట సామానుకి ఎంత కావాలి? ముగ్గులకి ఎవరైనా పేరిచ్చారా?

ఎమ్.బి. (2:10)
ఇంకో చిక్కు. క్లిప్పుల హక్కుదారు నుంచి జవాబు లేదు. అనుమతి లేకుండా జనం ముందు వెయ్యకూడదు.

కె.ఆర్. (2:31)
అయితే క్లిప్పులు వదిలేద్దాం. ఛేజ్‌లో వేగం ఎలా పుట్టించేవాళ్లో మనమే తీసి చూపిద్దాం. ఆదివారం జూలియా ఆయన సొంత స్థలంలో, కంకర దారి మీద. సెకనుకి 20 ఫ్రేములు తీసి 24 చొప్పున వేస్తే 50లో వెళ్లే బండి 60లో వెళ్లినట్టుంటుంది. నీ ఫోనులో మామూలుగా తీసి 1.2 రెట్లు వేగం పెంచినా అంతే. కెమెరా నేలకి ఒక అడుగు ఎత్తులో పెట్టు, నేల ఎంత దగ్గరగా జారిపోతే వేగం అంత కనిపిస్తుంది.
జూలియా ఆ సీన్లలో అంత అందంగా కనిపించడానికి కారణం టైర్లూ స్ప్రింగులూ. 155 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వెనక చక్రాల డ్రైవు, మెత్తని స్ప్రింగులు. 40కే మలుపులో ఒరిగిపోయి వెనక భాగం జారుతుంది. డ్రైవరు స్టీరింగు ఎదురు తిప్పి నిలబెట్టడం బయటికి కనిపిస్తుంది. ఇప్పటి కార్లు అదే మలుపు ఇంకా వేగంగా తిరిగినా తెర మీద అంత కదలిక కనిపించదు. టైర్ల కీచు శబ్దం మాత్రం కంకర మీద రాదు, సినిమాల్లో దాన్ని స్టూడియోలో కలిపేవాళ్లు. మనం రెండు రకాలుగా వేద్దాం, శబ్దం లేకుండా ఒకసారి, కలిపి ఒకసారి.

ఎల్.పి. (3:05)
ఇది బాగుంది. 5:30కే చీకటి పడుతుంది, ఆవరణ గోడ మీదే వెయ్యొచ్చు. ఇంకో గోడ మీద ఊరి మ్యాపు పెడదాం: సినిమాలో మినీలు మెట్ల మీంచి దిగిన గ్రాన్ మాద్రే చర్చి, పో నది ఆనకట్ట, గాలెరియా సాన్ ఫెదెరికో అనే దుకాణాల వరస, 1961 ఎక్స్‌పో కోసం కట్టిన పాలావేలా హాలు కప్పు.

కె.ఆర్. (3:12)
లింగొట్టో పైకప్పు మర్చిపోకక్కా. 1923లో మొదలైన ఫియట్ ఫ్యాక్టరీ, అయిదంతస్తుల మీద టెస్ట్ ట్రాకు, 1982లో మూశారు. మురుగు గొట్టాల సీను మాత్రం ఇక్కడిది కాదు, ఇంగ్లండులో కొవెంట్రీలో తీశారు. దాన్ని మ్యాపు బయట విడిగా రాయండి.

ఎమ్.బి. (3:20)
ఆదివారం నేను వస్తాను. గోడ మీద 4 మీటర్ల బొమ్మకి నా ప్రొజెక్టరు చాలదు, ల్యాబ్‌లో 4000 ల్యూమెన్లది అడుగుతాను. వాన పడితే?

కె.ఆర్. (3:26)
కార్లకి ఏం కాదు, ప్రొజెక్టరు మాత్రం కిటికీ లోపలి నుంచి వెయ్యి. వాన పడితే పలకలు జారతాయి, వాటి మీద గోనెపట్టా మేకులతో కొట్టాలి. శనివారం 3 గంటలకి జూలియా, తర్వాత 1100, చివర 500. తోసేది కాబట్టి దానికి మలుపు తిరిగే చోటు అక్కర్లేదు. పలకలు నేను శుక్రవారం సాయంత్రమే తెచ్చి గేటు దగ్గర పెడతాను.

ఎస్.వి. (3:30)
తాళం నా దగ్గరే ఉంది. శుక్రవారం 6 గంటలకి గేటు తీసి ఉంచుతాను. మేకులూ సుత్తీ కూడా తెస్తాను.