సాగర్ గేట్లు ఎత్తే సీన్: ముగ్గురం మూడు ఊళ్లలో ఉండి చేస్తున్నాం, నీళ్లు నిజంగా కనిపించాలంటే ఎట్లా?

హాలియా_త్రీడీ:

అందరికీ నమస్తే. నాది హాలియా. నేను, మహబూబ్‌నగర్‌లో ఉండే దోస్తు, మిర్యాలగూడలో మా చిన్నమ్మ కూతురు, ముగ్గురం కలిసి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తే సీన్ బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) చేస్తున్నాం. ఇరవై సెకన్ల షాట్, తెల్లారే వెలుతురు, గేట్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తుంటే కెమెరా కింద నుంచి మెల్లగా పైకి పోతుంది. డ్యామ్ మోడల్ నాది, నీళ్లు దోస్తువి, లైటింగ్, కంపోజిటింగ్ (రెండర్ అయిన లేయర్లను ఒక్క బొమ్మగా కలపడం) చెల్లె చూస్తుంది.

మా దిక్కు సాగర్ గేట్లు తెరిచారంటే బండేసుకుని వెళ్లి చూసొచ్చేవాళ్లే ఎక్కువ, కాబట్టి నీళ్లు ఏ కొంచెం తేడాగా ఉన్నా ఇట్టే పట్టేస్తారు. ఇప్పుడు టెస్టులో నీళ్లు బకెట్‌తో కుమ్మరించినట్టు ఉన్నాయి, రిజల్యూషన్ పెంచినా అదే వాలకం. 26 గేట్లకూ కలిపి ఒకటే డొమైన్ (నీళ్లను లెక్కగట్టే పెట్టె) పెడితే 32 జీబీ ర్యామ్ చాలక బ్లెండర్ మూసుకుపోతోంది. పైగా క్యాష్ (లెక్కగట్టిన నీళ్లను దాచే ఫైళ్లు) వందల జీబీ అవుతోంది, అది మహబూబ్‌నగర్ నుంచి మిర్యాలగూడకు నెట్‌లో పంపడం అయ్యే పని కాదు. పని ఎట్లా పంచుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాలమూరు_ఫ్లిప్:

రిజల్యూషన్ సంగతి తర్వాత, ముందు టైమింగ్ చూడండి తమ్మీ. 80 మీటర్ల ఎత్తు నుంచి ఏది జారినా కిందికి చేరడానికి దాదాపు 4 సెకన్లు పడుతుంది, అంటే 24 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 24 ఫ్రేములు) సుమారు 97 ఫ్రేములు. అదే సీన్‌ను 8 మీటర్లకు కుదించి కట్టి గ్రావిటీ మార్చకుండా వదిలేస్తే 31 ఫ్రేముల్లోనే పడిపోతుంది. కంటికి అప్పుడే అది చిన్న బొమ్మ అని తెలిసిపోతుంది, ఇక నురగ ఎంత వేసినా లాభం లేదు. డొమైన్ పక్కన ఒక రిజిడ్ బాడీ (గట్టి వస్తువులా పడే) బంతిని 80 మీటర్ల నుంచి వదిలి ఫ్రేములు లెక్కపెట్టండి, అక్కడే కొన్ని నీటి చుక్కలు కూడా వదలండి. రెండూ ఒకే ఫ్రేముకు కింద తాకేదాకా డొమైన్‌లో టైమ్ స్కేల్ సర్దుతూ పోండి.

రెండోది, వెనకాల రిజర్వాయర్‌ను సిమ్యులేట్ చేయొద్దు, దండగ. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, క్రెస్ట్, అంటే గేట్లు కూర్చునే గట్టు, 546 అడుగుల దగ్గర. నిండుగా ఉంటే గేటు వెనక 44 అడుగుల నీళ్లు నిలబడి ఉంటాయి, అంటే 13.4 మీటర్లు. అంత ఒత్తిడితో కింది సందు నుంచి వచ్చే నీటి వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు. గేటు కింద సన్నటి ఇన్‌ఫ్లో (నీళ్లు పుట్టే చోటు) పెట్టి ఆ వేగాన్నే ఇనీషియల్ వెలాసిటీగా ఇచ్చేయండి, వెనకాల ఉన్న కృష్ణనంతా లెక్కగట్టే పని తప్పుతుంది. నీళ్లు గేటు మీది నుంచి దూకవు, కింద నుంచి దూసుకొస్తాయి, ఈ ఒక్క విషయం మీద చాలా యానిమేషన్లు పోతాయి. పేపర్లో "ఐదడుగుల మేర ఎత్తారు" అని రాస్తారు చూడండి, మీ గేటు కూడా అంతే లేవాలి, పూర్తిగా కాదు.

ఇక 26 గేట్లు. వాక్సెల్ (డొమైన్‌లోని ఒక్కో చిన్న గడి) సైజు సగం చేస్తే గడులు 8 రెట్లు అవుతాయి, స్టెప్పులు కూడా పెరుగుతాయి కాబట్టి టైమ్ 16 రెట్ల దాకా పోతుంది. అందుకని ఒక్క గేటు మాత్రమే బాగా బేక్ చేయండి (అంటే లెక్కగట్టి క్యాష్‌లో దాచండి). దాన్నే పక్క గేట్లకు వేరే వేరే ఫ్రేము నుంచి మొదలయ్యేలా పేర్చండి, కొన్నింటిని అద్దంలోలా తిప్పండి. కెమెరాకు దగ్గరున్న రెండు మూడింటికి మాత్రం వేరే సిమ్ (సిమ్యులేషన్) కావాలి. పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) దాటాక పక్క ధారలు కలిసే చోట అతుకు కనిపిస్తుంది, అక్కడ తుంపర్లు దట్టంగా వేస్తే సరిపోతుంది.

కరెంటు పోయే ఊళ్లో ఉంటే క్యాష్‌లో రిజ్యూమబుల్ టిక్ పెట్టడం మర్చిపోవద్దు, ఆగిన చోటి నుంచే బేక్ మళ్లీ మొదలవుతుంది.

కంప్_డెస్క్_హైదరాబాద్:

క్యాష్ పంపాలనే ఆలోచనే వదిలేయండి. సిమ్ ఎవరి సిస్టమ్‌లో ఉందో నీళ్ల రెండర్ కూడా అక్కడే చేయాలి. చెల్లెకు కావాల్సింది మల్టీలేయర్ ఈఎక్స్‌ఆర్ (లేయర్లు విడివిడిగా ఉండే బొమ్మ ఫైళ్లు) మాత్రమే. 20 సెకన్లంటే 480 ఫ్రేములు, ఫ్రేముకు 30 ఎంబీ వేసుకున్నా 15 జీబీ లోపే, పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, ఆర్టీసీ బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లు వస్తుంటే వాళ్ల చేతికి ఇచ్చినా చాలు. లైటింగ్ చేయడానికి ఆమెకు నీళ్ల తేలికపాటి మెష్ (నీళ్ల ఆకారపు మోడల్) ఇవ్వండి, పది ఫ్రేములకు ఒకటి ఇచ్చినా పనైపోతుంది. లైట్లు వేరే ఫైలులో ఉంచి దోస్తు దాన్ని లింక్ చేసుకోవాలి. అప్పుడు ఆమె సూర్యుడి కోణం మార్చి పంపేది కొన్ని కేబీల ఫైలే.

పని మొదలుపెట్టక ముందే ముగ్గురూ ఒప్పుకోవాల్సినవి: బ్లెండర్ ఒకే వెర్షన్, ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సరిదిద్దుతూ ఉండే వెర్షన్) అయితే మేలు, మధ్యలో ఎవరూ అప్‌డేట్ చేయకూడదు. యూనిట్ మీటర్లు. కలర్ ఏజీఎక్స్ (బ్లెండర్‌లో రంగులు చూపే ఒక పద్ధతి, స్టాండర్డ్ ఇంకోటి), ఎందుకంటే మీ షాట్‌లో సగం తెల్లని నురగే, స్టాండర్డ్‌లో అది కాలిపోయి వివరం పోతుంది. గేటు కదలిక ఒకసారి ఖాయం చేశాక నువ్వు దాన్ని ముట్టుకోవద్దు తమ్మీ, రెండు ఫ్రేములు జరిపినా దోస్తు మళ్లీ మొదటి నుంచి బేక్ చేసుకోవాలి. ఇద్దరి మధ్య గొడవలు నిజానికి ఇక్కడే వస్తాయి, కాబట్టి ఆ ఖాయం చేసిన తేదీని వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి.

మెష్ సెట్టింగ్స్‌లో స్పీడ్ వెక్టర్స్ ఆన్ చేసి బేక్ చేయమనండి. అది లేకపోతే మోషన్ బ్లర్ (వేగానికి వచ్చే మసక) రాదు, అంత వేగంగా వచ్చే నీళ్లు బ్లర్ లేకపోతే గాజు ముక్కల్లా గీసుకుపోతాయి.

సాగర్_ఫొటోలు:

నాకు త్రీడీ రాదు కానీ ప్రతి వరదకూ అక్కడే ఉంటాను కాబట్టి చెబుతున్నా. గేటు కింద నీళ్లు మొదట నున్నగా, ఆకుపచ్చగా వస్తాయి, కొంచెం కిందికి జారాక గాలి కలిసి తెల్లబడతాయి. పై నుంచి కింది దాకా ఒకే తెలుపు వేయకండి. జూరాలలో కొత్తనీరు వచ్చినప్పుడు ఎర్రగా, బురదగా ఉంటుంది, సాగర్‌లో అంత ఉండదు, శ్రీశైలంలో చాలా ఒండ్రు నిలిచిపోయాకే ఇటు వస్తాయి. జూరాల వీడియోలు చూసి సాగర్‌కు రంగు వేస్తే మాకు తెలిసిపోతుంది. ఇంకోటి, కింద లేచే తుంపర మేఘం ధారల వేగంతో కదలదు, గాలి ఎటు వీస్తే అటు నింపాదిగా జరుగుతుంది. వెలుతురు తక్కువున్నప్పుడు అవతలి గేట్లు దాంట్లో సగం మునిగిపోతాయి.

హాలియా_త్రీడీ:

అందరికీ థ్యాంక్స్ అన్నా, మస్తు క్లారిటీ వచ్చింది. ముందు ఒక్క గేటు, బంతి టెస్టు, ఐదు సెకన్లు చేసి ఇక్కడ పెడతాం. చెల్లె ఒకటి అడగమంది: తుంపర మేఘాన్ని కూడా నీళ్ల డొమైన్‌లోనే చేయాలా?

పాలమూరు_ఫ్లిప్:

వద్దు, విడిగా గ్యాస్ డొమైన్ పెట్టండి. ధార కింద తగిలే చోటే పొగ పుట్టించి, విండ్ ఫోర్స్ కొంచెం ఇవ్వండి. వాక్సెల్ పెద్దగానే ఉండనివ్వండి, మేఘానికి సన్నటి వివరం అక్కర్లేదు. నీళ్ల నుంచి చిందే చుక్కలకు మాత్రం గాలి నిరోధం పెట్టాలి, చిన్న చుక్క ఎగిరిన కాసేపటికే వేగం పోగొట్టుకుని తేలాలి. మేఘాన్ని వేరే లేయర్‌గా రెండర్ చేసి, డ్యామ్‌ను హోల్డవుట్‌గా (వెనకాల ఉన్న మేఘాన్ని కప్పి, తను ఖాళీగా ఉండేలా) పెట్టి చెల్లెకు పంపితే ఎంత దట్టంగా ఉండాలో ఆమే కంపోజిటింగ్‌లో తేల్చుకుంటుంది.