అప్‌డేట్: నడుస్తూ ఆగిపోయే ఎలక్ట్రిక్ స్కూటర్ బాగైంది
ఛార్జింగ్ సగానికి పైగా ఉన్నా నా స్కూటర్ గతుకుల్లో ఉన్నట్టుండి ఆగిపోతోందని, డిస్‌ప్లే మాత్రం వెలుగుతూనే ఉంటోందని అడిగాను కదా, సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ థాంక్స్. బ్యాటరీ పోయిందని కొందరన్నారు, సర్వీస్ సెంటర్లో కంట్రోలర్ (మోటార్‌కి కరెంట్‌ని అదుపు చేసే యూనిట్) మార్చాలన్నారు. రెండూ కాదు. బ్రేక్ పట్టకుండానే వెనక బ్రేక్ లైట్ వెలుగుతోందేమో చూడమన్న సలహాయే పనిచేసింది. నిజంగానే వెలుగుతోంది! ఎడమ బ్రేక్ లివర్ దగ్గరుండే కటాఫ్ స్విచ్‌లో తడి చేరి ఇరుక్కుపోతోందట, దాంతో బ్రేక్ వేశామనుకుని కంట్రోలర్ మోటార్‌కి కరెంట్ ఆపేస్తోంది. మెకానిక్ ఆ చిన్న స్విచ్ మార్చాడు, అంతే. మూడు వారాలైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. వెనక లారీ వస్తుంటే నడిరోడ్డు మీద బండి ఆగిన టెన్షన్ మాత్రం ఇంకా పోలేదు. ఇదే లక్షణం ఉన్నవాళ్లు బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు దయచేసి ఆ లైట్ చూసుకోండి.