శాటిలైట్ ఉండగా మంచు మీద విమానాలు ఎందుకబ్బా?

నెల్లూరోడు_77:
మిద్దెక్కితే షార్ రాకెట్ కనపడే ఊరు మాది, అందుకే అడగతా ఉండా. 2018లో పోయిన నాసా శాటిలైట్ ఐస్‌శాట్-2 సెకనుకి 10 వేల సార్లు లేజర్ కొట్టి ధ్రువాల్లో మంచు ఎత్తు చెప్తాది. మళ్లీ అది పోయే గీత కిందే నాసా వాళ్లు 2019లో ఐస్‌బ్రిడ్జ్ అని మంచు కొలిచే విమానం తిప్పడమేంది? 2009లో పాత శాటిలైట్ ఆగిపోయినాక తిప్పారంటే అర్థముంది, కొత్తది వచ్చినాక ఆయిల్ దండగ కాదా?

మైపాడు_రొయ్య:
అన్నా నువ్వు రొయ్యల గుంట పెట్టినోడివి కాదులే. మా బావ మేత లెక్కేసి రొయ్య సైజు చెప్పే ఆప్ పెట్టుకున్నాడు, పోయిన పంటకి అది 50 కౌంట్ అన్నింది, వల ఇసిరి తూకమేస్తే కిలోకి 70 పడ్డాయి, ఎదగనే లేదు. శాటిలైట్ లెక్కనీ అట్నే దగ్గర్నుంచి కొలిచి చూసుకోవాల. సముద్రం మంచు ఇంకా తంటా, నీళ్లపైకి తేలేది దాదాపు పదో వంతే, ఆ పైముక్క ఎత్తులో 3 సెంటీమీటర్లు తప్పు పోతే మందంలో 30 దాకా పోతాది.

చీమకుర్తి_రాయి:
దానిపైన రాలి పడిన పొడి మంచు ఒకటి కదా సామీ. లేజర్ పొడి పైనే తగిలి తిరిగొస్తాది, యూరప్ శాటిలైట్ క్రయోశాట్-2 రాడార్ లోపలికి దిగతాది. మన షార్ నుంచి 2013లో పోయిన సరళ్ శాటిలైట్ రాడార్ అంత లోతుకి దిగదు. పొడి ఎంత మందమో తెలీకుండా ఏది నమ్మాలి? విమానంలో లేజరూ, పొడిని కొలిచే రాడారూ రెండూ పెట్టుకొని 450 మీటర్ల ఎత్తులో పోయేవాళ్లు.

నెల్లూరోడు_77:
బాగానే ఉంది, కానీ సముద్రం మంచు కదలతా ఉంటాది కదా. శాటిలైట్ పోయిన రెండు గంటలకి విమానమొస్తే కింద ఉండేది వేరే ముక్క. మీ వల గుంటలో గాలి కలిపే ఏరేటర్ పక్కన ఒక్క చోటే పడినట్టు.

మైపాడు_రొయ్య:
అందుకే నాలుగు మూలలా ఇసురుతాం 😄

చీమకుర్తి_రాయి:
కదిలేది నిజమే, అందుకే శాటిలైట్ టైముకి దగ్గర్లో ఎగరాలని చూసేవాళ్లు, గాలికి మంచు ఎంత జరిగిందో లెక్కేసి విమానం గీత కూడా జరిపేవాళ్లు. అంటార్కిటికా నేల మీద మంచుకైతే విమానం దండగనే నీ మాటే కొంచెం కరెక్టు, 88 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర శాటిలైట్ గీతలన్నీ దగ్గరికొస్తాయి, అక్కడ మంచు బండ్లకి జీపీఎస్ కట్టుకొని మనుషులే పోయి కొలిచారు. పగుళ్లున్న సముద్రం మంచు మీద ఎవురు పోతారు బండేసుకొని?

నెల్లూరోడు_77:
సరే, సముద్రం వరకు ఒప్పుకుంటా. మరి విమానం లేజరే తప్పయితే?

చీమకుర్తి_రాయి:
ఎయిర్‌పోర్టులో విమానాలు ఆపే కాంక్రీటుని ముందే జీపీఎస్‌తో కొలిచి పెట్టుకునేవాళ్లు. దానిమీద లేజర్ కొట్టుకుంటా ఎగిరి సరిచూసుకునేవాళ్లు.