షార్ట్స్ చూస్తున్నారు, పూర్తి ఎపిసోడ్‌కి మాత్రం రావడం లేదు: ఎక్కడ పొరపాటు?

ప్రశ్న (బసవనగుడి నుంచి)

బెంగళూరులో తయారయ్యే తెలుగు పాడ్‌కాస్ట్. ఇద్దరు మాట్లాడుకునే 50 నిమిషాల ఎపిసోడ్, వారానికొకటి, యూట్యూబ్‌లోనూ స్పాటిఫైలోనూ వస్తుంది. ఒక్కో ఎపిసోడ్ నుంచి మూడు షార్ట్స్ తీస్తున్నాం. మొదట 5 సెకన్లు లోగో, సంగీతం; తర్వాత మంచి మాటలు నాలుగైదు ముక్కలు అతికించి 58 సెకన్లు; డిస్క్రిప్షన్‌లో ఎపిసోడ్ లింక్. షార్ట్స్‌కి వ్యూస్ బాగానే ఉన్నాయి. ఎపిసోడ్‌కి వినేవాళ్లు పెరగడం లేదు.

ఇంకో సందేహం. ఒక వక్త గంట ప్రసంగం రికార్డింగ్ ఉంది, ఒకటే కెమెరా, ఆడియో కూడా కెమెరాదే. సభల నిర్వాహకులకు పంపడానికి ఆయనకు హైలైట్ వీడియో కావాలి. ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు 1 (మారతహళ్లి, వీడియో ఎడిటింగ్)

ముందు లింక్ సంగతి. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లోనూ కామెంట్లలోనూ పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు. అంటే మీ షార్ట్ నచ్చినవాళ్లకు కూడా దారి లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఆ షార్ట్ వివరాలు తెరిచి ‘రిలేటెడ్ వీడియో’ దగ్గర పూర్తి ఎపిసోడ్ ఎంచుకోండి. షార్ట్ మీదే ఎపిసోడ్ పేరు కనిపిస్తుంది, నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు. ఆ గడి పనిచేయకపోతే చానల్‌కి అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ (యూట్యూబ్ అదనంగా ఇచ్చే సదుపాయాలు) ఆన్ అయ్యాయేమో చూడండి. ఎపిసోడ్ ముందు పబ్లిక్ అవ్వాలి, షార్ట్ ఆ తర్వాతే. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ కింద రాసే లింక్ కూడా అంతే, నొక్కితే పనిచేయదు. బయోలోనో, స్టోరీలో లింక్ స్టిక్కర్‌గానో పెట్టాలి. అతిథిని కొలాబ్‌కి (ఇద్దరి పేరు మీదా ఒకే పోస్ట్) పిలిస్తే అదే రీల్ ఆయన ప్రొఫైల్‌లోనూ కనిపిస్తుంది. ఆయన్ని ముందే అడిగి, కత్తిరించిన ముక్క చూపించి, సరే అన్నాకే పెట్టండి.

వ్యూస్ అంకెని మరీ నమ్మకండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలవడమే ఒక వ్యూ కింద లెక్క. అనలిటిక్స్‌లో ‘ఎంగేజ్డ్ వ్యూస్’ చూడండి, నిజంగా ఆగి చూసినవాళ్లు అక్కడ తెలుస్తారు.

ఇక అసలు విషయం, ఏ ముక్క ఎంచుకోవాలి. లోగో తీసేయండి, అతుకులు మానేయండి. నాలుగు మంచి మాటలు వరుసగా పెడితే దేనికీ వెనకా ముందూ ఉండదు, చూసేవాడికి ఏదీ గుర్తుండదు. ఒకే ఆలోచన, మొదలూ చివరా ఉన్నది, 35 నుంచి 75 సెకన్లు చాలు. 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాల దాకా షార్ట్‌గా తీసుకుంటున్నారు కాబట్టి పాత 60 సెకన్ల పరిమితి కోసం మాట మధ్యలో కోయాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: నిమిషం దాటిన షార్ట్‌లోని పాటకో సంగీతానికో కంటెంట్ ఐడీ (హక్కుదారుల పాటల్ని యూట్యూబ్ తానే గుర్తుపట్టే పద్ధతి) క్లెయిమ్ వస్తే వీడియో మొత్తం బ్లాక్ అవుతుంది.

తెలుగులో ఒక చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, కాబట్టి అసలు సంగతి కూడా చివరికే వస్తుంది. అద్దె ఇళ్ల మీద ఎపిసోడ్ అనుకోండి. అతిథి ‘ఇప్పుడు మన మారతహళ్లి వైపు చూసుకుంటే, అగ్రిమెంట్ రాసేటప్పుడు చాలామంది ఏం చేస్తారంటే...’ అని మొదలుపెడతారు. అప్పటికే 8 సెకన్లు పోయాయి, వేలు పైకి జరిపేశారు. దాని తర్వాతి వాక్యం, ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుంటారు’ అన్నచోట మొదలుపెట్టండి. ‘అది’, ‘వాళ్లు’, ‘అందుకే’లతో మొదలయ్యే ముక్క పనికిరాదు, దేని గురించో తెలియదు. చివర్లో ‘అన్నమాట’ కోసేయొచ్చు కానీ క్రియ చివరి అచ్చు తెగనివ్వకండి. మాట అయ్యాక 8–10 ఫ్రేములు, అంటే సుమారు మూడో వంతు సెకను, వదలండి.

ఎపిసోడ్ మొత్తం అక్షరాల్లోకి మార్చుకుని కాగితం మీద చదివి గుర్తులు పెట్టుకోండి. వింటూ వెతికితే గొంతు బాగున్న చోటల్లా మంచిదే అనిపిస్తుంది. చదివినప్పుడు నిలబడే మాటలే షార్ట్‌లో నిలబడతాయి.

జవాబు 2 (సభల రికార్డింగ్, సౌండ్)

వక్త వీడియో వేరే పని. నిర్వాహకులు చూసేది ఒక్కటే: ఈయన జనాన్ని పట్టి కూర్చోబెట్టగలరా? దానికి సంగీతం వేసిన ముక్కల కూర్పు సమాధానం చెప్పదు. ఎక్కడా కోయని 90 సెకన్ల నుంచి 2 నిమిషాల భాగం ఒకటి ఇవ్వండి, సభ నవ్విన చోటో నిశ్శబ్దమైన చోటో అందులో ఉండాలి.

కెమెరా ఆడియోలో హాలు ప్రతిధ్వని కలిసిపోయి ఉంటుంది, పూర్తిగా పోదు. 100 హెర్ట్జ్ కిందుండే లోతు శబ్దాలను కోసి, నాయిస్ తగ్గించేదాన్ని సగంలో ఆపండి. ఎక్కువ పెడితే స, శ, ఒత్తు అక్షరాలు నలిగిపోతాయి.

వచ్చేసారి వక్త కాలర్‌కి లేపల్ మైక్ (బట్టలకు తగిలించే చిన్న మైక్), దాని రికార్డర్ జేబులో. మిక్సర్ (హాలు మైకులన్నీ కలిసే పెట్టె) నుంచి తీసుకుంటే అది లైన్ లెవెల్, అంటే మైక్ కంటే చాలా బలమైన సిగ్నల్, అని మరవకండి. కెమెరా మైక్ సాకెట్‌లో నేరుగా పెడితే శబ్దం పగులుతుంది, దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. లైన్ ఇన్‌పుట్ ఉన్న రికార్డర్ వాడండి. రెండు వేర్వేరు పరికరాలు గంటసేపు నడిస్తే కొన్ని ఫ్రేములు తేడా వస్తుంది, కాబట్టి మొదట్లో చప్పట్ల చోట మాటనీ బొమ్మనీ కలిపి వదిలేయక, కోసుకున్న భాగం దగ్గర పెదాలు చూసి మళ్లీ కలపండి. మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను పెడితే హాలు లైట్లు మిణుకుమనవు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. పాడ్‌కాస్ట్ 1080పీలో ఒకే కెమెరాతో తీస్తున్నాం. నిలువుగా కత్తిరిస్తే మసకగా వస్తోంది. క్యాప్షన్లలో వత్తులు విడిపోతున్నాయి.

జవాబు 3 (క్యాప్షన్లు, డిజైన్)

1080పీ నుంచి నిలువు ముక్క కోస్తే మిగిలేది 607×1080. దాన్ని 1080×1920కి దాదాపు 1.8 రెట్లు సాగదీస్తున్నారు, మసక అందుకే. 4కేలో తీస్తే 1215×2160 మిగులుతుంది, సాగదీయక్కర్లేదు. అంతవరకూ ఇద్దరినీ సగం సగం పైనా కిందా పెట్టండి, సాగదీత తగ్గుతుంది.

వత్తులు విడిపోవడం ప్రీమియర్‌లో (అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) అయితే ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ చేసి, టెక్స్ట్ లేయర్ కొత్తగా వేయండి. యూనికోడ్ ఫాంట్లే వాడాలి: శీర్షికకి రామభద్ర, క్యాప్షన్‌కి నోటో సాన్స్ తెలుగు సరిపోతాయి. వెనక నల్ల పెట్టె వేస్తే కింద వత్తులకు చోటు వదలండి. తెరకి రెండు వరుసలు, వరుసకి మూడు మాటలు మించొద్దు. అడుగున 400 పిక్సెళ్లు, కుడివైపు 150 ఖాళీగా ఉంచండి, అక్కడ బటన్లూ పేర్లూ వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, ‘కాదు’, ‘లేదు’, ‘కూడదు’లను తర్వాతి తెరకి నెట్టకండి. ‘అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తారు’ ఒక తెర, ‘అనుకోకూడదు’ ఇంకో తెర అయితే, సౌండ్ ఆపి చూసేవాళ్లకు అతిథి అననిమాట అన్నట్టు అందుతుంది.