లాసిక్ జరుగుతుండగా రెప్ప వేసేస్తే ఏమవుతుంది? తర్వాత ఎన్నాళ్లు ఇబ్బంది?

అద్దాలబాబు:
వచ్చే శుక్రవారం నాకు లాసిక్, అదే కళ్లజోడు అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషన్. రెండు కళ్లకీ మైనస్ 5.5, కొంచెం సిలిండర్ కూడా ఉంది. ఏడో తరగతి నుంచి కళ్లజోడే. పవర్ రెండేళ్లుగా మారలేదు, స్కాన్‌లన్నీ చేసి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం సరిపోతుందన్నారు. అంతా ఓకే అన్నాకే టెన్షన్ మొదలైంది. డాక్టర్ గారిని అడిగితే "పది నిమిషాల పని, ఏమీ ఉండదు" అంటారు, ఏమీ ఉండదంటేనే నాకు ఎక్కువ భయం. కంట్లో చుక్కలు వేయబోతేనే తల వెనక్కి లాక్కునే రకం నేను. లేజర్ నడుస్తుండగా రెప్ప వేసేస్తే? తుమ్ము వస్తే? చూపు పక్కకి పోతే? కాలిన వాసన వస్తుందట, నిజమేనా? కంప్యూటర్ ముందు ఎప్పుడు కూర్చోవచ్చు? మంచీ చెడూ రెండూ చెప్పండి, ధైర్యం చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఉన్నారు.

మైనస్_ఆరు:
రెప్ప వేద్దామన్నా వేయలేవు బ్రో, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. మొద్దుబారే చుక్కలు ముందే వేస్తారు కాబట్టి నొప్పి ఉండదు, ఏదో పట్టి లాగుతున్నట్టు మాత్రం తెలుస్తుంది.

నీకు ఎవరూ చెప్పి ఉండని ముక్క ఒకటి చెప్తాను. మొదట కార్నియా మీద పల్చటి పొర, ఫ్లాప్ అంటారు, దాన్ని ఒక లేజర్‌తో కోసేటప్పుడు కన్ను కదలకుండా ఒక రింగుతో గట్టిగా పీల్చి పట్టుకుంటారు. బొటనవేలితో కనుగుడ్డుని లోపలికి నొక్కుతున్నట్టు ఉంటుంది, పైగా చూపు మసకబారి ఒక్కోసారి పూర్తిగా చీకటైపోతుంది. నాకు ముందే తెలియక గుండె ఆగినంత పనైంది. అరనిమిషం కూడా ఉండదు, రింగు తీయగానే వెలుతురు వచ్చేస్తుంది. అదొక్కటి తెలిసి వెళ్తే మిగతాది సులువే.

తర్వాత ఆ పొరని పక్కకి మడిచి రెండో లేజర్ కొడతారు. పొర ఎత్తాక అంతా నీళ్లలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. పైన ఒక లైటు చూస్తూ ఉండమంటారు, అది కాస్తా చెదిరిపోయి పెద్ద మచ్చలా అవుతుంది, ఆ మచ్చనే చూస్తూ ఉండు. టకటకా చప్పుడు, వెంట్రుక కాలినట్టు వాసన. వాసన నిజమే కానీ అక్కడ కాలేదేమీ ఉండదు. అది 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్, కణజాలాన్ని వేడిచేసి కాల్చకుండా దాని అణుబంధాలనే తెంపి ఆవిరిగా పంపేస్తుంది, మనకి వచ్చేది ఆ ఆవిరి వాసన. ఒక్కో కంటికి నిమిషం లోపే అయిపోయింది.

చూపు పక్కకి పోతే సంగతి: మెషీన్‌లో ఉండే ట్రాకర్ కన్ను ఎటు కదిలితే లేజర్‌ని అటు తిప్పుతుంది, మరీ ఎక్కువ కదిలితే లేజర్ ఆగిపోతుంది, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతారు. తుమ్ము వచ్చేట్టుంటే నోటితో చెప్పు, తల కదపకు.

ఇంటికెళ్లాక నాలుగైదు గంటలు మంట, ధారగా నీళ్లు, కంట్లో ఇసుక పోసినట్టు గరగర. చుక్కలు వేసుకుని పడుకోవడమే. నేను లేచేసరికి ఎదుటి గోడ మీద గడియారం ముల్లు కనిపించింది.

పల్చటికార్నియా:
పైన చెప్పింది లాసిక్ వాళ్ల కథ. నాకు కార్నియా పల్చగా ఉందని పీఆర్‌కే చేశారు, ఇందులో ఫ్లాప్ కోయరు, పైచర్మం లాంటి పొరని గీకి తీసేసి లేజర్ కొడతారు. టేబుల్ మీద హాయిగా గడిచిపోయింది. ఆ రాత్రి నుంచి మొదలైంది! రెండో రోజు ఫోన్ వెలుతురు కూడా భరించలేక చీకటి గదిలో తువ్వాలు కప్పుకుని పడుకున్నాను. పొర మళ్లీ పెరిగేదాకా కట్టులాగా ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టి, ఐదో రోజు తీశారు. చూపు కుదురుకోవడానికి వారాలు పట్టింది, ఒకరోజు స్పష్టంగా, మర్నాడు మసకగా. ఇప్పుడు బాగానే ఉంది. కానీ పక్కింటాయన మర్నాడే ఆఫీసుకెళ్లాడట అని నాతో అన్నవాళ్లందరికీ ఒక నమస్కారం.

చుక్కలసీసా:
అద్దాలబాబు గారూ, అందరూ ఆ పది నిమిషాల గురించే అడుగుతారు. నన్ను ఏడిపించింది ఆ తర్వాతి ఐదు నెలలు. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు కూడా తెగుతాయి, కన్ను ఆరిపోతోందని మెదడుకి చెప్పేవి అవే. అవి మళ్లీ పెరిగేదాకా కన్నీళ్లు సరిగా ఊరవు. ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం ఉండిపోతుంది. నాకు అంతకుముందే కళ్లు పొడిగా ఉండేవి, స్క్రీన్ ముందు రోజంతా పని. నేను చేయించుకున్న చోట కన్నీటి పరీక్షలు చేయలేదు, నాకేమో అడగాలని తెలియదు. ఆ కోపం ఇంకా పోలేదు. మీరు మాత్రం ఈ వారంలోనే అడిగి చేయించుకోండి. పొడిదనం ఉందని తేలితే ముందు దానికి వైద్యం చేసి ఆపరేషన్ కొన్నాళ్లు వాయిదా వేస్తారు, నష్టమేం లేదు.

కంప్యూటర్ రెండు మూడు రోజులకి మొదలుపెట్టొచ్చు, కానీ స్క్రీన్ చూస్తుంటే రెప్ప వేయడం మనకి తెలియకుండానే తగ్గిపోతుంది. కన్నీటి చుక్కలు ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేనివి తీసుకోండి, గంటగంటకీ వేసుకోవాల్సి వస్తుంది కదా, అన్నిసార్లు అది కంటికి పడదు.

కంటిపరీక్షల_అక్క:
ఇలాంటి సెంటర్‌లోనే పరీక్షలు చేసే ఉద్యోగం నాది. కార్నియా మందం సరిపోతుంది అంటే ఏమిటో లెక్క చెప్తాను. మామూలుగా మందం 540 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది. ఫ్లాప్‌కి 110 అనుకో, ఒక్కో పవర్‌కి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు లేజర్ తీసేస్తుంది, నీ 5.5కి డెబ్భై ఎనభై. మిగిలేది 350 పైనే. అడుగున కనీసం 250 ఉండాలంటారు, చాలామంది డాక్టర్లు 300కి తగ్గనివ్వరు. నీ స్కాన్ కాగితం చూసి ఈ లెక్క అడుగు, చెప్పడానికి విసుక్కుంటే ఇంకో చోట చూపించుకో.

కాంటాక్ట్ లెన్స్ వాడుతుంటే, మెత్తటివైతే ఒకటి రెండు వారాల ముందే, గట్టివైతే ఇంకా ముందే మానేయాలి, లేకపోతే కార్నియా ఆకారం కొలతల్లో తప్పొస్తుంది. వాడుతూనే కొలతలిచ్చి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ఆ రోజు సెంటు పూసుకుని రావద్దు, ఆ ఆవిర్లు లేజర్‌కి పడవు. వెంట ఒక మనిషి ఉండాలి.

తర్వాత కళ్లు నులుముకోవడం పూర్తిగా బంద్, ముఖ్యంగా నిద్రలో. రాత్రిపూట ప్లాస్టిక్ షీల్డు పెట్టుకోమనేది అందుకే, ఫ్లాప్ పక్కకి జరిగితే మళ్లీ టేబుల్ ఎక్కాలి. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే హడలిపోకు, అది రింగు నొక్కుడికి, రెండు వారాల్లో పోతుంది. కానీ తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, వచ్చిన చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. స్టెరాయిడ్ చుక్కలు చెప్పినన్ని రోజులే వాడు, బాగుందని సొంతంగా పొడిగిస్తే కంటి ప్రెషర్ పెరగొచ్చు.

ఆపరేషన్ ముందటి కొలతల కాగితాలు పారేయకు. పెద్దయ్యాక శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు లెన్స్ పవర్ లెక్కకి పనికొస్తాయి. నలభై దాటాక చదువుకునే అద్దాలు ఎలాగూ వస్తాయి, దాన్ని లాసిక్ ఆపదు.

అద్దాలబాబు:
అయిపోయింది, ఈరోజుకి పదకొండో రోజు. కన్నీటి పరీక్ష అడిగి చేయించుకున్నాను, కాస్త తక్కువే కానీ ఫర్వాలేదన్నారు. చీకటి సంగతి ముందే చదివాను కాబట్టి మొదటి కన్నప్పుడు లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాను, పద్దెనిమిది దగ్గర వెలుతురు వచ్చేసింది. రెండో కన్నుకే ఎక్కువ భయపడ్డాను, ఏం జరగబోతోందో తెలుసు కదా. నర్సు గారి చెయ్యి గట్టిగా నలిపేశానట, తర్వాత నవ్వుతూ చూపించారు.

చూపు బాగుంది, సాయంత్రమయ్యేసరికి కళ్లు ఆరిపోతున్నాయి. ఒకటే అనుమానం, రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి, ఎదురొచ్చే బండి హెడ్‌లైట్ చెదిరిన పువ్వులా ఉంటోంది. పోతుందా?

మైనస్_ఆరు:
నాకు మూడో నెలకి బాగా తగ్గింది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి రాత్రే తెలుస్తుంది. వచ్చే చెకప్‌లో చెప్పు, అప్పటిదాకా రాత్రి బండి ఇంకెవరికైనా ఇవ్వు.