చలికాలంలో యెల్లోస్టోన్: కెమెరాతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

డాలస్_రామం:
జనవరి చివర్లో 4 రోజులు అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కు అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప. ఒకసారి వేసవిలో చూశాం కానీ ట్రాఫిక్ తప్ప ఏమీ గుర్తులేదు. ఈసారి మంచులో తోడేళ్లు, బైసన్లు (అడవిదున్నల్లాంటివి) కావాలి. 150-600 మి.మీ. జూమ్ లెన్స్ ఉంది. బోజ్‌మన్ ఎయిర్‌పోర్టులో దిగి, కారు అద్దెకు తీసుకుని, మొదటి రోజే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్‌కి (వేడినీళ్లు పైకి చిమ్మే ఊట) వెళ్లిపోదామని ప్లాన్. మంచులో బండి నడపడం నాకు కొత్త. తప్పులుంటే చెప్పండి.

గడ్డకట్టిన_గోదారి:
మొదటి రోజు ప్లానే తప్పండి రామం గారూ. చలికాలంలో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కి కారు పోదు. పార్కులో ఏడాదంతా కార్లకు తెరిచి ఉండేది ఒక్క రోడ్డే. పార్కు ఉత్తర గేటు దగ్గరున్న గార్డినర్ ఊళ్లో మొదలై మామత్, టవర్ జంక్షన్, లామార్ లోయ మీదుగా కుక్ సిటీ దాకా వెళ్తుంది. ఆ పైన దారి మంచుతో మూసుకుపోతుంది, కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. మిగతా రోడ్ల మీద డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా స్నోకోచ్‌లూ, మంచు మీద నడిచే బైకుల్లాంటి స్నోమొబైళ్లూ తిరుగుతాయి. స్నోకోచ్ అంటే భారీ టైర్లో, ట్యాంకుకు ఉన్నట్టు పట్టాలో బిగించిన వ్యాను. మామత్ నుంచి గానీ వెస్ట్ యెల్లోస్టోన్ నుంచి గానీ ఎక్కొచ్చు. సీటు ముందే బుక్ చేసుకోండి.

మీ 4 రోజుల్లో 3 గార్డినర్‌లోనే మకాం వేసి రోజూ లామార్‌కి వెళ్లండి. ఒక్క రోజు స్నోకోచ్‌కి ఇవ్వండి. పాప ఉంది కదా, రోజుకో హోటల్ మారడం వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండే తీసుకోండి. పెట్రోలు గార్డినర్‌లోనే నింపుకోండి. బైసన్ల మంద రోడ్డు మీదికొస్తే హారన్ కొట్టకండి, ఆగి కూర్చోండి. అవి నడిచేది ఆ రోడ్డు మీదే. లోతు మంచులో ఈదడం కంటే వాటికీ అదే సుఖం.

లామార్_పిచ్చోడు:
తోడేళ్ల గురించి ముందే నిజం చెప్తా అన్నా, తర్వాత తిట్టుకోవద్దు. 1995, 96లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ల సంతతి ఇది. లామార్‌లో కనబడే అవకాశం బాగానే ఉంది. కానీ కనబడేది మైలు దూరంలో. నా 600 లెన్స్‌లో మినపగింజంత వచ్చింది. దగ్గర్లో కనబడినా 100 గజాల లోపలికి వెళ్లకూడదన్నది రూలు. బైసన్‌కైతే 25 గజాలు. డ్రోన్ అసలు వద్దు, నిషేధం.

పొద్దున్నే రోడ్డు పక్కన స్పాటింగ్ స్కోపులు (దూరంగా ఉన్నవి చూసే టెలిస్కోపులు) పెట్టుకుని నిలబడ్డవాళ్లు కనబడితే అక్కడ పార్కింగ్ జాగాలో ఆపండి. ఏళ్ల తరబడి ఆ తోడేళ్లను చూస్తున్నవాళ్లు వాళ్లు. మర్యాదగా అడిగితే స్కోపులో చూడనిస్తారు. మా బాబుకి ఒకాయన తన ట్రైపాడ్ దించి మరీ చూపించాడు. సూర్యోదయం దాదాపు ఎనిమిదింటికి, గార్డినర్ నుంచి లామార్‌కి మంచు రోడ్డు మీద గంట పైనే పడుతుంది. ఆ లెక్కన లేవండి.

నేను పడ్డ తిప్పలు ఒకటి చెప్తా. మొదటి రోజు కిటికీ దించి, అద్దం మీద లెన్స్ ఆన్చడానికి బీన్‌బ్యాగ్ పెట్టి, కారులోంచే ఒక కయోటీని (నక్కలాంటి జంతువు) 200 ఫొటోలు తీశా. అది మంచు మీద చెవి వంచి, లోపల ఎలుక చప్పుడు విని, ఎగిరి ముక్కుతో గుచ్చుకుంటుంది చూడండి, ఆ సీను. రాత్రి చూస్తే ఒక్కటీ షార్ప్‌గా లేదు. లెన్స్ పాడైందని నిద్రపట్టలేదు. తీరా చూస్తే తప్పు హీటర్‌ది. లోపలి వేడిగాలి కిటికీలోంచి బయటి చలిగాలిలో కలుస్తుంటే, ఎండాకాలం తారు రోడ్డు మీద గాలి మెలికలు తిరిగినట్టే లెన్స్ ముందు తిరుగుతుంది. హీటర్ ఆపి పది నిమిషాలు కిటికీలు తెరిచి పెట్టి, అప్పుడు తీయండి. ఇంట్లోవాళ్లు తిడతారు, భరించాలి.

వెన్నెల_బెజవాడ:
నేను స్నోకోచ్‌లోనే వెళ్లా, డ్రైవింగ్ టెన్షన్ లేదు. అక్కడ పొద్దున -20 సెల్సియస్ కిందికి పోవడం వింతేమీ కాదు. వేడినీటి గుంటల ఆవిరి చెట్లకు పట్టి గడ్డకడితే పిండిలో ముంచి తీసినట్టుంటాయి. ఆ ఆవిరి పక్కన నిలబడ్డ బైసన్ల మొహం మీద వెంట్రుక వెంట్రుకకీ తెల్లటి మంచు. అసలు ఫొటో అదే, తోడేలు కాదు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర మాత్రం చలికి ఆవిరి కమ్మేసి నీళ్ల ధార కనబడదు. గాలి మీ వీపు వైపు నుంచి వీచే చోటు చూసుకుని నిలబడండి. అక్కడి తుంపర్లలో సిలికా ఉంటుంది, లెన్స్ ఫిల్టర్ మీద పడితే ఆరనివ్వకుండా తుడిచేయండి. చెక్కబాటల మీద ఐసు ఉంటుంది, బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకోండి.

మూడు బ్యాటరీలు జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని మార్చుకుంటూ ఉండండి, చలికి త్వరగా డౌన్ అవుతాయి. చల్లటి కెమెరాతో వెచ్చటి గదిలోకి పోతే అద్దాల మీదంతా తేమ పడుతుంది. బయట ఉండగానే జిప్ కవర్లో పెట్టి మూసేయండి. లోపలికొచ్చాక రెండు గంటలు తెరవొద్దు. మెమరీ కార్డు ముందే తీసుకోండి, లేకపోతే ఫొటోలు చూసుకోలేక మనసు కొట్టుకుంటుంది.

పులిహోర డిక్కీలో పెట్టకండి. రాయి అవుతుంది. మేం రూముకొచ్చి మైక్రోవేవ్‌లో పెట్టుకుని తిన్నాం. చారు ఫ్లాస్కులో పోసుకెళ్లడం మాత్రం బ్రహ్మాండమైన ఐడియా.

నల్గొండ_నికాన్:
ఒక్క మాట. మంచును ఆటోకి వదిలేస్తే కెమెరా దాన్ని బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ +1తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూసుకోండి. బైసన్ నల్లగా ఫ్రేము నిండా ఉంటే అంత అక్కర్లేదు.

డాలస్_రామం:
వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్. తోడేళ్లు మూడు కనబడ్డాయి, మినపగింజ కూడా కాదు, ఆవగింజలు. పాప స్కోపులో చూసి గంతులేసింది. మాడిసన్ నది గడ్డకట్టలేదు, హంసలు తిరుగుతున్నాయి. వేడి ఊటల నీళ్లు కలుస్తాయి కాబట్టేనని స్నోకోచ్ డ్రైవర్ చెప్పాడు. మంచు మొహం బైసన్ ఒకటి మాత్రం గోడకు తగిలించేంత బాగా వచ్చింది. హీటర్ ఆపినందుకు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక డౌటు. ఫిల్టర్ మీద తెల్ల చుక్కలు పడ్డాయి. వెనిగర్‌తో రుద్దినా పోవడం లేదు.

వెన్నెల_బెజవాడ:
తుడవమని చెప్పానుగా అండీ! సున్నపు మరకైతే వెనిగర్‌కి పోయేది. అది సిలికా, గాజు మీద గాజు అంటుకున్నట్టే. ఇక రుద్దకండి, గీతలు పడతాయి. కొత్త ఫిల్టర్ కొనుక్కోండి.

లామార్_పిచ్చోడు:
ఆ బైసన్ ఫొటో ఏదన్నా? పెట్టు ముందు.