61 మెట్ల కీబోర్డు మీద వెర్మీర్ కాలపు హార్ప్సికార్డ్ సంగీతం: ఏం వాయించాలి, ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా సంగీత పాఠశాలలో ఒక సాయంత్రం డచ్చి చిత్రకారుడు వెర్మీర్ బొమ్మలు తెర మీద చూపిస్తూ, ఆ కాలపు సంగీతం ఇరవై నిమిషాలు వినిపించాలనుకుంటున్నాం. ఉన్నది 61 మెట్ల మామూలు కీబోర్డు. అందులో హార్ప్సికార్డ్ (మెట్టు నొక్కితే తీగని మీటే పాత పాశ్చాత్య వాద్యం) నాదం ఉంది. వాయించే అమ్మాయి వీణ నేర్చుకుంటోంది, స్టాఫ్ నొటేషన్ చదవగలదు. బాఖ్, స్కార్లాట్టీ రచనలు పెట్టవచ్చా? మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కితే గరగరలాడుతోంది, అదెందుకు? వెనకాల తంబురా పెట్టుకోవచ్చా?

జవాబు (బరంపురం)

మాస్టారూ, ముందు కాలం సరిచూసుకోండి. వెర్మీర్ 1632లో డెల్ఫ్ట్‌లో పుట్టి 1675లో పోయాడు. బాఖ్, స్కార్లాట్టీ ఇద్దరూ పుట్టిందే 1685లో. ఆ బొమ్మల్లోని ఆడపిల్లలెవరికీ వాళ్ల సంగీతం తెలిసే వీలు లేదు. మీకు కావలసినవాళ్లు స్వేలింక్ (1562–1621, ఆమ్‌స్టర్‌డామ్ పాత చర్చిలో ఆర్గన్ వాయించినవాడు), ఫ్రోబెర్గర్ (1616–1667), పారిస్‌లో లూయీ కూపెరాన్ (1661లో పోయాడు), శాంబొనియేర్. శాంబొనియేర్ తన రచనలు అచ్చు వేయించింది 1670లో, అంటే వెర్మీర్ బతికుండగానే.

ఇంకో సంగతి. వెర్మీర్ గీసిన ‘సంగీత పాఠం’ అనే బొమ్మలో అమ్మాయి మనకి వీపు పెట్టి వాయిస్తున్నది వర్జినల్. హార్ప్సికార్డ్ కుటుంబానిదే, కానీ పెట్టెలా ఉంటుంది, తీగలు మెట్ల వరసకి అడ్డంగా పరుచుకుని ఉంటాయి, మెట్టుకి ఒకటే తీగ. యాంట్‌వెర్ప్‌లో రుకర్స్ కుటుంబం చేసిన తరహా. మెట్లు పెట్టెకి కుడివైపు జరిగి ఉండటం గమనించండి. ఆ రకాన్ని మ్యూసెలార్ అంటారు. ఇందులో తీగని దాదాపు మధ్యలో మీటుతుంది. వీణ మీద మీటే చోటు మెట్ల వైపు జరిపితే నాదం ఎలా గుండ్రంగా, మెత్తగా అవుతుందో ఇదీ అంతే. దీనికో లోపం ఉంది. మంద్ర స్థాయి తీగలు మధ్యలోనే బాగా ఊగుతాయి కాబట్టి, వెంటవెంటనే అదే స్వరం కొడితే ఊగుతున్న తీగకి మీటే పుల్ల తగిలి రొద వస్తుంది. మంద్రంలో ఇవి పందిపిల్లల్లా గురగురలాడతాయని 1739లో ఒక డచ్చి సంగీతజ్ఞుడు రాశాడు. మ్యూసెలార్‌కి మంద్ర తీగల కోసం ఆర్పికోర్డుమ్ అనే అమరిక కూడా ఉండేది. చిన్న లోహపు కొక్కేలని తీగలకి ఆనీ ఆననట్టు జరుపుతారు, తీగ జుమ్ముమంటుంది. తంబురా జీవాళీ దారం చేసే పనే అది. మీ పిల్లలకి ఇది తప్పక చెప్పండి.

కీబోర్డులో సర్దవలసినవి: టచ్ రెస్పాన్స్ పూర్తిగా ఆపండి, ఎందుకంటే గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఈ వాద్యంలో ఒకటే మోత. రెండు మూడు హార్ప్సికార్డ్ నాదాలుంటే, పై స్థాయి స్వరం కూడా కలిసి మోగేదాన్ని వదిలి ఒంటి తీగ నాదం తీసుకోండి. రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) బాగా తగ్గించండి, అది ఇంట్లో గది సంగీతం. ఆనాటి వర్జినళ్లకి మామూలుగా 45 మెట్లే, కాబట్టి 61 చాలు.

జవాబు (ధర్మాబాద్)

అన్నా, గరగర సంగతి నేను చెప్త. తప్పు అమ్మాయిది కాదు, కీబోర్డు శ్రుతిది. తంబురా మంద్ర షడ్జం తీగని ఒంటిగా మీటి చెవి పెట్టుండ్రి, అందులో అంతర గాంధారం దానంతటదే పలుకుతది. సి ని షడ్జం అనుకుంటే, కీబోర్డులోని ఇ ఆ గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ (కీబోర్డుల పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). అందుకే సి, ఇ కలిపి పట్టుకుంటే సెకనుకు పది దాకా అలలు వస్తయి. పియానోలో అది కొంత కప్పుకుపోతది, హార్ప్సికార్డ్ నాదం నిండా పై అనుస్వరాలే (అసలు స్వరంతోపాటు సన్నగా మోగే పై స్వరాలు) కాబట్టి దాగదు.

ఆ కాలంల వాడుకలో ఉన్నది మీన్‌టోన్ శ్రుతి. గాంధారాలని స్వచ్ఛంగా నిలబెట్టి, దానికోసం పంచమాలని ఒక్కోటి 5 సెంట్లకు పైన తగ్గిస్తరు. మీ కీబోర్డుల స్కేల్ ట్యూన్ (ఒక్కో స్వరం శ్రుతిని విడిగా సర్దే అమరిక) ఉంటే ఇట్ల పెట్టుండ్రి. ఏ సున్నా. ఇ −3, బి −7, ఎఫ్ షార్ప్ −10, సి షార్ప్ −14, జి షార్ప్ −17. ఇటువైపు డి +3, జి +7, సి +10, ఎఫ్ +14, బి ఫ్లాట్ +17, ఇ ఫ్లాట్ +21. పెట్టినంక సి–ఇ–జి పట్టుకుని చూడుండ్రి, అల ఆగి స్వరాలు ఒకదాన్లో ఒకటి కూర్చుంటయి.

ధర ఎక్కడ కట్టాలంటే, జి షార్ప్–ఇ ఫ్లాట్ జోడీ దగ్గర. పంచమం 702 సెంట్లు ఉండాల్సిన చోట 737 దాటుతది, ఊళ పెడతది. దాన్ని తోడేలు అనే అంటరు. సి, జి, డి, ఎఫ్ మేజర్లు, డి, జి మైనర్లు హాయిగా ఉంటయి. రచనల ఇ ఫ్లాట్ కాక డి షార్ప్ వస్తే ఆ మెట్టుని −21 చెయ్యాలె. జి షార్ప్ చోట ఏ ఫ్లాట్ వస్తే +24. రెండూ ఒకే మెట్టు కాబట్టి వాయించే ముందు నొటేషన్ అంతా వెతికి గుర్తు పెట్టుకోవాలె.

ఏ = 415 (ఏ స్వరాన్ని ఇప్పటి 440 కన్నా దించి పెట్టే శ్రుతి) కావాలని ట్రాన్స్‌పోజ్‌ని ఒక మెట్టు దించితే, కొన్ని కీబోర్డులల ఈ అంకెలు మెట్టుతోని జరగవు, సర్దిందంతా పక్క స్వరాలకు పోతది. దించినంక సి–ఇ మళ్లీ వినుండ్రి. అల తిరిగొస్తే 440లోనే ఉంచుండ్రి, నష్టం లేదు.

తంబురా మాత్రం వద్దు. దాని పంచమం స్వచ్ఛం, ఈ శ్రుతి పంచమం తగ్గినది. రెండూ కొట్టుకుంటయి.

పర్లాకిమిడి నుంచి మళ్లీ

చాలా సంతోషమండీ. అంకెలు పెట్టి చూశాం, మీరన్నట్టే అల ఆగిపోయింది. ఇక మిగిలింది, దీర్ఘ స్వరం నిలవకుండా ఆరిపోవడం. సస్టెయిన్ పెడల్ వాడవచ్చా? ఇరవై నిమిషాలకి ఏయే రచనలు తీసుకోమంటారు?

జవాబు (రాయగడ)

పెడల్ వద్దండి, వీణ చేతికి ఇది తేలిగ్గానే పడుతుంది. అసలు వాద్యంలో మెట్టు నొక్కితే జాక్ అనే సన్న చెక్క లేస్తుంది, దానికి గుచ్చిన పక్షి ఈక ముక్క తీగని మీటుతుంది. వేలు తీయగానే జాక్ దిగి, దాని పక్కనున్న గుడ్డముక్క తీగని నొక్కేస్తుంది. అంటే నాదం నిలబెట్టేది వేలే. సి–ఇ–జి–సి ఒకదాని తరవాత ఒకటి నొక్కుతూ, ముందు నొక్కిన వేళ్లు తీయకుండా ఉంచమనండి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పేరుకుని పెద్ద స్వరంలా నిండుతాయి. ఫ్రెంచివాళ్లు దీన్ని ల్యూట్ అనే మీటే తీగల వాద్యం దగ్గర నేర్చుకున్నారు. నాలుగు స్వరాలూ ఒక్కసారి కొట్టడం అవసరమైన చోట మాత్రమే. దీర్ఘ స్వరం మీద ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండూ మార్చి మార్చి వాయించడం) వేసేదీ ఇందుకే, ఆరిపోతున్నదాన్ని మళ్లీ మీటుతూ ఉండటం. ట్రిల్ నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటే బాగుంటుంది.

మొదట స్వేలింక్ పెట్టండి. మైన్ యుంగెస్ లేబెన్ అనే పాట మీద ఆరు వేరియేషన్లు రాశాడు. వినేవాళ్లకి పాట చెవినపడి, తరవాత అది ఎలా మారుతోందో తెలుస్తుంది. చేయి తిరిగితే మంచిదే, కానీ చివరి వేరియేషన్లలో పరుగెత్తకూడదు.

రెండోది లూయీ కూపెరాన్ తాళం లేని ప్రెల్యూడ్. ఏ మైనర్‌లో ఒకటుంది, ఫ్రోబెర్గర్‌ని అనుకరిస్తూ రాసింది. మధ్యలో తాళం గల భాగం వస్తుంది. మిగతాదంతా కాలప్రమాణం లేని తెల్ల స్వరాలు, వాటి మీద పొడుగాటి వంపు గీతలు, అంతే. ఆలాపన అనిపిస్తుంది కానీ స్వరాలు మార్చకూడదు, నిడివి మాత్రమే మీ చేతిలో ఉంది. చాలామంది తప్పు చేసేది ఆ గీతల దగ్గరే. అవి ఎన్నో చోట్ల ఏ స్వరం మీద వేలు ఎంతదాకా ఉంచాలో చెప్తాయి. ముందు ఎడమచేతి మంద్ర స్వరాలు ఒక్కటే వాయించుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమనండి.

చివర ఫ్రోబెర్గర్. బ్లాంక్‌రోషే అనే ల్యూట్ వాద్యకారుడు 1652లో పారిస్‌లో మేడమెట్ల మీంచి పడి చనిపోయాడు. ఆయన కోసం రాసిన తోంబో (పోయినవారి జ్ఞాపకార్థం రాసే రచన) ఇది, తాళం పట్టుకోకుండా విడిగా వాయించాలి. ఇది సి మైనర్, అంచేత ధర్మాబాద్ వారు చెప్పినట్టు జి షార్ప్ మెట్టుని +24కి మార్చాలి. మార్చడం మరిచిపోతే ఏ ఫ్లాట్ వచ్చిన ప్రతిచోటా పాడవుతుంది. కూపెరాన్ అయ్యాక తెర మీద బొమ్మ మార్చే వ్యవధిలో ఆ పని చేసేయవచ్చు, లేదా రెండు అమరికలూ రెండు రిజిస్ట్రేషన్ బటన్ల మీద దాచుకోండి. తోంబో చివర ఒంటి స్వరాలు వరసగా మంద్రంలోకి దిగిపోతాయి, మనిషి పడిపోవడం అది. అక్కడ వేళ్లు నిలిపి ఉంచకూడదు. ఒక్కో స్వరం విడిగా వినపడాలి, అట్టడుగు స్వరం దానంతటది ఆరేదాకా మెట్టు వదలకూడదు.